ఆదివారం మరమ్మతులు

మా నాన్న బడిపంతులు. పంతులుగారికి ఆదివారం సెలవు, దసరాకి సెలవు, సంక్రాంతికి సెలవు, వేసవి సంగతి చెప్పక్కర్లేదు. ఆ సెలవులన్నీ మా పెంకుటింటి మీదే ఖర్చయిపోయేవి. కోనసీమలో అంబాజీపేటకి కాస్త దూరంలో, కాలవ గట్టు దిగగానే ఇల్లు. తాతయ్య కట్టించింది. వాటాల్లో నాన్నకి ఆ ఇల్లు, చుట్టూ దొడ్డి, దొడ్లో కొబ్బరి చెట్లు, ఒక నుయ్యి, వీటితో పాటు ఒక రేకు పెట్టె వచ్చాయి. పెట్టె నిండా తాతయ్య పోగేసిన మేకులు, మడతబందులు, తాళంచెవులు లేని తాళాలు, దేనివో తెలియని నట్లు. "ఎప్పుడో అప్పుడు పనికొస్తాయి" అనేవారట తాతయ్య. నాన్నదీ అదే మాట. నాకు ఊహ తెలిశాక ఆ పెట్టెలోకి వెళ్ళిన సామాను చూశాను గానీ, బయటికొచ్చింది చాలాకాలం చూడలేదు.

"ఏవండీ, మేస్త్రీకి కబురు పెడితే పోదా?" అనేది అమ్మ.

"మేస్త్రీ వచ్చి ఏం చేస్తాడే? మనం చేసేదే వాడూ చేస్తాడు."

నాన్న చేసేవారు. ఆ తర్వాత మేస్త్రీ వచ్చేవాడు. సరదా అంతా అక్కడే ఉండేది. మా వైపు పనివాళ్ళు పని చేసినంతసేపూ అది అలా ఎందుకైందో చెబుతూనే ఉంటారు. కూలి డబ్బులు ఇచ్చేటప్పుడు నాన్న మొహం కాస్త ముడుచుకునేది గానీ, ఆ కబుర్లు వినేటప్పుడు మాత్రం వెలిగిపోయేది.

వీధి తలుపు వేపచెక్కది. శ్రావణం వచ్చేసరికి చెమ్మ పీల్చి ఉబ్బిపోయి, భుజం ఆనించి తోస్తే తప్ప పడేది కాదు. ఒక ఏడు నాన్న వడ్రంగి దగ్గర చిత్రిక ఎరువు తెచ్చి అంచంతా గీకేశారు. చావడి నిండా చెక్క పొట్టు. తలుపు చిటికెన వేలితో తోసినా పడింది. వచ్చినవాళ్ళందరికీ తోసి చూపించారు. ఏప్రిల్ ఎండలకి చెక్క ఆరి ముడుచుకునేసరికి, తలుపుకీ ద్వారబంధానికీ మధ్య పిల్లి దూరేంత సందు పడింది. పాలగిన్నె ఉట్టెక్కింది. వడ్రంగి వచ్చి చూసి, "వానల్లో ఎవరన్నా చిత్రిక పడతారేంటండీ పంతులుగారూ! చెక్క నీళ్ళు తాగి లావెక్కి ఉన్నప్పుడు గీకేస్తే, ఆరాక ఏం మిగుల్తదండి?" అని, అంచుకి ఒక బద్ద కొట్టి వెళ్ళాడు. మళ్ళీ వానలొచ్చాయి, బద్దతో సహా తలుపు బిగుసుకుంది. ఎండల్లో బద్ద కొట్టడం, వానల్లో పీకడం ఆ తర్వాత ఏటేటా జరిగే తంతు. ఆ బద్ద దాచడానికి చూరులో ఒక చోటు కూడా ఉండేది.

గోడల కథ ఇంకా పెద్దది. డెల్టాలో పాత ఇల్లు ఏది చూసినా గోడ అడుగున ఒక తడి చార ఉంటుంది. మా వైపు నేల నల్లమట్టి, నీరు మరీ లోతున ఉండదు. పునాది ఇటుక ఆ తడిని పైకి లాగుతుంది. తడితో పాటు నేలలో ఉప్పూ ఎక్కుతుంది. తడి ఆరిపోయినా ఉప్పు పోదు, పలుకు కట్టి పూతని లోపల్నుంచి తోసేస్తుంది. పొద్దున్న లేచేసరికి గోడ వారగా తెల్లటి పొడి, సున్నం పెచ్చులు. అమ్మ ఊడుస్తూ సణుగుతూ ఉండేది.

నాన్న సిమెంటు తెచ్చారు. పాత పూత గీకేసి, మోకాలెత్తున దిట్టంగా సిమెంటు పూశారు. చూడ్డానికి బాగానే ఉంది. మరుసటేడు తడి చార సిమెంటు పైన తేలింది. నాన్న ఇంకాస్త పైకి పూశారు. చార ఇంకాస్త పైకి జరిగింది. కిటికీ దాకా వచ్చాక ముసలి తాపీ మేస్త్రి ఒకాయన్ని పిలిపించారు. ఆయన గోడని వేలితో గీరి, వాసన చూసి (గోడని వాసన చూసిన మనిషిని నేను అప్పుడే చూశాను), "సున్నం గోడకి సిమెంటు చొక్కా తొడిగేశారేంటండి బాబూ! చెమట పట్టదేంటండీ?" అన్నాడు. సున్నం పూత అయితే తడి ఎక్కడికక్కడ గాలికి ఆరిపోతుందట. సిమెంటు దారి మూసేస్తే, తడి దారి వెతుక్కుంటూ పైకి పోతుందట. మొత్తం ఊడగొట్టించి, నత్తగుల్లలు కాల్చిన సున్నం తెప్పించి, గోతిలో నానబెట్టి, ఇసుక కలిపి, అందులో కరక్కాయ నానిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి పూశాడు. బెల్లానికి చీమలు రావా అని చెల్లి అడిగింది. "సున్నంలో చీమలా తల్లీ, నోరు కాలిపోదూ" అని నవ్వాడు.

నాన్న అడిగారు: "ఇంక రాలదుగా?"

"ఎందుకు రాలదండీ? రాలుతుంది. ఇటుక బదులు అది రాలాలండి, దానికేగా పూసేది. రాలితే మళ్ళీ పూసుకోవడమే."

ఇంత డబ్బు తీసుకుని పని చేసిన మనిషి అంత నిమ్మళంగా ఆ మాట అనడం అమ్మకి నచ్చలేదు. నాన్న మాత్రం బళ్ళో పాఠం చెప్పినట్టు ఊరంతా చెప్పుకున్నారు.

చెదల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో మాకు గెలుపు లేదు. కిరసనాయిలు పోశాం, తారు పూశాం. ఎవరో చెబితే మోరి అనే ఊరి నుంచి జీడిపిక్కల తొక్క నూనె తెప్పించి వాసాలకి పూశారు. చెదలు నిజంగానే తగ్గాయి. కానీ ఆ నూనె తగిలి నాన్న చేతులు బొబ్బలెక్కి, ముద్ద కలుపుకోలేక అమ్మ చేత కలిపించుకుని తిన్నారు. అది పడావులకీ, దూలాలకీ పూసే నూనె. చర్మం కాల్చేస్తుందని అమ్మినవాడు చెప్పనే చెప్పాడట. నాన్న వినలేదు.

కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచీ మా ఊళ్ళలో ఏడాది అంటే కాలవ వదిలిన నెలలు, కాలవ కట్టేసిన నెలలు. వేసవిలో కాలవలు కట్టేస్తే నూతిలో నీళ్ళు కిందికి దిగుతాయి. నేల ఆరుతుంది. పునాది పనైనా, నూతి పూడికైనా, మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలేలోగా అయిపోవాలి. అందుకని మా వేసవి సెలవులన్నీ హడావుడే. నుయ్యి పూడిక తీయించడం అంటే నాకూ చెల్లికీ పండగ. ఏడాది పొడుగునా అందులో పడ్డవన్నీ బురదతో పైకి వచ్చేవి. గేలానికి చిక్కని బొక్కెన, చెల్లి గిన్నెలు, నాయనమ్మ ఊతకర్ర పొన్ను, ఒకసారి పక్కింటివాళ్ళ ఇత్తడి చెంబు. ఆ చెంబు మా నూతిలోకి ఎలా వచ్చిందన్న దాని మీద రెండిళ్ళకీ కొన్నాళ్ళు మాటల్లేవు. పూడిక మట్టి మాత్రం అమ్మ ఎవరికీ ఇవ్వనిచ్చేది కాదు. ఆ నల్లటి ఒండ్రు అంతా కందకీ, అరటికీ, కనకాంబరాలకీ వెళ్ళిపోయేది.

తర్వాత బోరింగు పంపు వేయించారు. వేసినవాడు ఇసుక తగిలి మంచినీళ్ళు పడగానే ఆపేశాడు. ఇంకొంచెం దింపితే ఇంకా బాగా వస్తాయి కదా అని నాన్న పట్టుబట్టారు. "కోనసీమలో లోతు ఆశ పడకూడదండి. పైపొరే తీపి. కిందికి పోతే ఉప్పే" అన్నాడు వాడు. వెనక వీధిలో ఒకాయన ఆశపడి దింపించి, ఉప్పునీళ్ళు పడి, ఆ గొట్టానికి బట్టలు ఆరేసే తాడు కట్టుకున్నాడు. నాన్న దాన్ని చూసొచ్చి ఊరుకున్నారు.

పంపుకి వచ్చే జబ్బు ఒక్కటే, తోలు వాచరు. మా నీళ్ళలో సన్న ఇసుక వస్తుంది, అది వాచరుని అరగదీస్తుంది. పొద్దున్నే చెంబుడు నీళ్ళు పోసి కొడితే గానీ పంపు అందుకోదు. కొట్టీ కొట్టీ చెయ్యి లాగేస్తుంది, గొంతులో గురగుర తప్ప చుక్క రాదు. కొట్లో కొన్న వాచర్లు నెలలు తిరక్కుండానే పోతున్నాయని విసుగొచ్చి, నాన్న తన పాత తోలు చెప్పుల అడుగు కోసి, రాత్రంతా ఆముదంలో నానేసి, సీసా మూత మీద పెట్టి గిన్నెలా వంచి వాచరు చేశారు. అమ్మ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. పంపు మొదటి దెబ్బకే అందుకుంది. అది కొన్న వాచరు కంటే చాలా ఎక్కువకాలం వచ్చింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఏ ఇంట్లో బోరింగు మొరాయించినా మా ఇంటికి కబురొచ్చేది, మనిషితో పాటు ఒక పాత చెప్పు కూడా. చెప్పులు వీధి అరుగు మీద వరసగా ఉంటే కొత్తవాళ్ళు లోపల ఏదో పేరంటం జరుగుతోందనుకునేవారు.

దొడ్డి మాత్రం అమ్మ రాజ్యం. నాన్నకి అక్కడ గొయ్యి తవ్వడం వరకే అధికారం. పాదుల విషయంలో అమ్మకి ఎంత ఓపికో. ఒక ఏడాది ఆనప పాదు పందిరంతా అల్లుకుంది, పూత విరగబూసింది, ఒక్క కాయ నిలవలేదు. పిందె బొటనవేలంత అయ్యేసరికి పసుపు తిరిగి రాలిపోతోంది. దిష్టి తగిలిందని నాయనమ్మ పందిరికి పాత చెప్పు కట్టించింది (నాన్న వాచరుకని దాచుకున్నది, దాని మీద ఒక చిన్న యుద్ధం). ఫలితం లేదు. చివరికి పక్కింటి అత్తయ్యగారు సాయంత్రం చీకటి పడేవేళ వచ్చి, తొడిమ పొడుగ్గా ఉన్న పువ్వు ఒకటి కోసి, రేకలు తుంచి, అడుగున పిందె ఉన్న పువ్వు మీద మెల్లగా అద్ది చూపించింది. ఆనప పువ్వు విచ్చేది సాయంత్రం పూటే. తేనెటీగలు ఇళ్ళకి పోయాక. రాత్రి తిరిగే రెక్కల పురుగులు రాకపోతే పుప్పొడి చేరదు. ఆ నెలంతా అమ్మ దీపాలు పెట్టాక లాంతరు పట్టుకుని పందిరి కిందికి వెళ్ళేది. ఇక కాయలు ఆగలేదు. ఆనపకాయ పులుసు, ఆనపకాయ పాలు పోసిన కూర, ఆనపకాయ పచ్చడి. నేనూ చెల్లీ రాత్రి పురుగులు రాకపోతేనే బావుండేదనుకున్నాం, అవి రానేలేదు పాపం, వచ్చింది అమ్మ.

గులాబీ విషయంలో మాత్రం అమ్మకీ ఎదురుదెబ్బే. రాజమండ్రి పెళ్ళికి వెళ్ళి వస్తూ కడియపులంకలో దిగి, అక్కడి నర్సరీలో ముద్ద ఎర్ర గులాబీ అంటు ఒకటి కొంది. దారి పొడుగునా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. నాటితే వారానికే కొత్త కొమ్మ ఒకటి జానెడు జానెడు పెరగడం మొదలెట్టింది. మా నేల మహిమ అని నాన్న మురిసిపోయి, దానికి కర్ర పాతి కట్టారు. అది పెరిగే కొద్దీ అసలు మొక్క ఎండిపోతూ వచ్చింది. పూసింది చివరికి. గుత్తులు గుత్తులుగా బఠాణీ గింజలంత మొగ్గలు, వాసన లేదు, ముద్ద లేదు. ఊళ్ళో అంట్లు కట్టే ఒకాయన చూసి, అంటు ముడి కిందనుంచి వచ్చిన చిగురు అదనీ, అది వేరు మొక్కదనీ, కనిపించగానే గిల్లేయాల్సిందనీ చెప్పాడు. బలమంతా అదే లాగేసుకుందట. "కర్ర కట్టి మరీ పెంచారా!" అని ఆయన ఆశ్చర్యపోయాడు. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న కాలవ వైపు చూశారు.

ఇక 1996. నవంబరు 6న తుపాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది. కోనసీమలో ఆ రాత్రిని చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి ఎంత చెప్పినా తక్కువే. మా పెంకులు ఒక్కొక్కటీ లేచిపోతుంటే పందిరి మంచం కింద ఒకరి మీద ఒకరం కూర్చున్నాం. తెల్లారేసరికి ఇంట్లోంచి ఆకాశం కనిపించింది. దొడ్లో సగానికి పైగా చెట్లు నేల మీద. నిలబడ్డవాటికీ మొవ్వులు మెలి తిరిగిపోయాయి, వాటిలో కొన్ని తర్వాత నెమ్మదిగా చచ్చిపోయాయి. వెయ్యి మందికి పైగా పోయారు. మా ఇంట్లో అందరం ఉన్నాం, అంతే.

ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒకేసారి మేస్త్రీ కావాల్సి వచ్చింది. ఉన్న కొద్దిమంది ఎన్ని ఇళ్ళకని వెళతారు? పెంకులు దొరకవు, మేకులు దొరకవు. అప్పుడు తెరిచారు నాన్న ఆ రేకు పెట్టె. వంకర మేకులు మేమంతా అరుగు మీద కూర్చుని సుత్తితో సాగదీశాం. మడతబందులు మూడిళ్ళ తలుపులకి వెళ్ళాయి. దేనివో తెలియని నట్లు కూడా ఎవరెవరో అడిగి పట్టుకెళ్ళారు. దొడ్డంతా వెతికి పగలని పెంకులు ఏరి, కడిగి, పేర్చి చూస్తే వంటింటికీ నడిమింటికీ సరిపోయాయి. మిగతా కప్పుకి కొబ్బరాకే. ఆకుకి కరువు లేదు కదా, ఊరంతా పడిపోయిన చెట్లే. నాయనమ్మ నడుం వంగిపోయిన మనిషి, కింద కూర్చుని ఆకు చీల్చి తడిక ఎలా అల్లాలో అమ్మకీ నాకూ నేర్పింది. పెంకుటింట్లో కాపరానికి వచ్చాక తడిక అల్లలేదట, అయినా ఆవిడ వేళ్ళకి అన్నీ జ్ఞాపకమే. పడ్డ చెట్ల మొదళ్ళు కోయించి దూలాలకి వాడారు. ముదురు కొబ్బరి చెట్టు అడుగు భాగం గట్టిగా ఉంటుంది, పై భాగం పనికిరాదు. మిగిలిన మొద్దులు దొడ్డి చివర అలా పడేశాం. అందరూ అలాగే పడేశారు.

మరుసటేడు కొత్త మొక్కలు నాటాం. గొయ్యి లోతుగా తీసి, అడుగున ఉప్పూ బూడిదా వేసి, పూడిక మట్టి నింపి. దేశవాళీ పెట్టాలని బాబాయ్, అంబాజీపేట పరిశోధనా స్థానం వాళ్ళ గోదావరి గంగ పెట్టాలని నాన్న. అది మన పొడుగు చెట్టుకీ గంగబొండాంకీ కలిపిన సంకరం, తొందరగా కాపుకొస్తుంది. వాదులాడుకుని, కొన్ని అవీ కొన్ని ఇవీ పెట్టారు. మొక్కలు చేతికొచ్చే వేళకి మొవ్వులో రంధ్రాలు, విచ్చుకున్న ఆకు కత్తెరతో కత్తిరించినట్టు. కొమ్ము పురుగు. అది గుడ్లు పెట్టేది పెంటకుప్పల్లోనూ, కుళ్ళిన కొబ్బరి మొద్దుల్లోనూ. తుపానుకి పడ్డ మొద్దులు ఊరూరా కుళ్ళుతున్నాయి. పురుగు ఎక్కడ్నుంచి వస్తోందో అప్పుడు అర్థమైంది. మొద్దులు తగలబెట్టించారు. నాన్న సైకిలు పుల్ల కొస వంచి కొక్కెం చేసి, రోజూ బడికి వెళ్ళేముందు మొవ్వుల్లో కెలికి పురుగులు లాగేవారు. ఒక్కో పురుగు తెచ్చినందుకు మాకు డబ్బులిచ్చేవారు. చెల్లి పక్కవాళ్ళ దొడ్లో పురుగులు కూడా తెచ్చి నాన్నకి అంటగట్టిందని చాలా ఆలస్యంగా తేలింది. ఇసుకలో వేపపిండి కలిపి మొవ్వు చుట్టూ వేస్తే పురుగు దూరదని చెప్పారు, అదీ చేశాం. గోదావరి గంగ ముందు గెలేసింది. నాన్న ఆ బొండాం కొట్టి బాబాయ్ చేతికే మొదట ఇచ్చారు, ఏమీ అనకుండా. అనకపోవడం ఇంకా ఎక్కువైంది బాబాయ్‌కి.

ఇప్పుడా ఇల్లు లేదు. పడగొట్టి డాబా వేశారు. డాబాకి వాటం సరిగ్గా కుదరక ఒక మూల నీళ్ళు నిలుస్తాయి. ఆ మూల కింద గదిలో మరక పడుతుంది. నాన్న రిటైరయ్యారు కాబట్టి ఇప్పుడు రోజూ ఆదివారమే. ఈ మధ్య కొబ్బరికి తెల్లదోమ పట్టింది. ఆకు కింద తెల్లగా చుట్టలు చుట్టలుగా గుడ్లు పెట్టే రకం, దాని జిగురు కారి కింది ఆకులన్నీ మసి పట్టిపోతాయి. మందులు ఎక్కువ కొడితే దాన్ని తినే మంచి పురుగులు చస్తాయి, నీళ్ళు గట్టిగా కొట్టి కడగండి అని చెప్పారట. అంతే, మోటారుకి గొట్టం, గొట్టానికి ఇంకో గొట్టం, నిచ్చెన.

మొన్న ఫోన్ చేసి, "వచ్చేటప్పుడు హైదరాబాద్‌లో ఆ నీళ్ళు సన్నగా, గట్టిగా కొట్టే నాజిల్ ఉంటుంది చూడు, అది పట్టుకురా. ఇక్కడివి కారిపోతున్నాయి. తోలు వాచరు వేసి చూశా, ఆగట్లేదు" అన్నారు.

వెనకనుంచి అమ్మ గొంతు: "తేవద్దని చెప్పండి! నిచ్చెన దిగండి ముందు!"

"నేను నిచ్చెన మీద లేనే."

"ఉన్నారా, నాన్నా?"

"దిగుతున్నాలే. నాజిల్ రెండు పట్టుకురా."